శాఖా కథలు – న్యాయస్థాన నాటికలు – ప్రేక్షకుల తీర్పు

దృశ్యకావ్యానికి మన పూర్వులు ఇచ్చిన పీఠాన్ని నేడు బుల్లితెర ఆక్రమించింది. ఒకప్పుడు ఊరి నడుమ పందిరి వేసి, పెట్రోమాక్సు దీపాల వెలుగులో తెల్లవార్లూ చూసిన కథలను ఇప్పుడు విద్యార్థి బస్సులో కిటికీ పక్కన కూర్చొని అరచేతిలోని సెల్‌ఫోనులో చూస్తున్నాడు. చూసే తీరు మారింది గాని, చూసినదానిపై తీర్పు చెప్పే అలవాటు మారలేదు. ఆ తీర్పులలో ఒక ప్రత్యేకమైన రకాన్ని ఈ వ్యాసంలో పరిశీలించదలచాము.

ఒక ధారావాహిక ప్రజాదరణ పొందిన తరువాత అందులోని ఒక పాత్రనో, ఆ కథాలోకాన్నో తీసుకొని వేరొక ధారావాహికను నిర్మించడం పాశ్చాత్య దేశాలలో చిరకాలంగా ఉన్న పద్ధతి. ఆంగ్లంలో దీనిని స్పిన్ ఆఫ్ అంటారు. తెలుగులో దీనికి స్థిరపడిన మాట లేదు కనుక మేము 'శాఖా కథ' అని వాడుతున్నాము. ఇది ఉత్తర కథ కాదు. ఉత్తర కథలో పాత కథే ముందుకు సాగుతుంది. అనుసరణ కూడా కాదు. అనుసరణలో పాత కథే కొత్త దుస్తులు తొడుక్కుంటుంది. శాఖా కథలో తల్లి చెట్టు నుంచి ఒక కొమ్మను తెచ్చి వేరే నేలలో నాటుతారు. అది వేళ్లూనుతుందా, వాడిపోతుందా అన్నది నాటినవాని చేతిలో కంటె చూసేవాని చేతిలోనే ఎక్కువగా ఉంటుంది. న్యాయవాదుల కథలలో ఈ పద్ధతి మరింత ఎక్కువగా కనిపించడానికి కారణం సులభంగానే ఊహించవచ్చు. కొత్త కేసు వచ్చినప్పుడల్లా కొత్త కథ పుడుతుంది. వకీలు మాత్రం పాతవాడే.

అయితే ఇదంతా విదేశీ సరుకు అనుకోవడం పొరపాటు. భారతంలోని ఉపాఖ్యానాల సంగతి అటుంచి, ఆధునిక తెలుగు నాటకరంగానికే వద్దాము. చిలకమర్తి లక్ష్మీనరసింహం గారి 'గయోపాఖ్యానం' మా ఉద్దేశంలో అచ్చమైన శాఖా కథ, అంతకంటె అచ్చమైన న్యాయస్థాన నాటకం. వ్యాస భారతంలో ఈ కథ లేదు. పాత్రలు మాత్రం భారతంలోనివే, ప్రేక్షకులకు పుట్టినప్పటినుంచి తెలిసినవే. గయుడనే గంధర్వుడు ఆకాశమార్గాన పోతూ ఉమ్మిన ఉమ్మి, సూర్యునికి అర్ఘ్యమిస్తున్న శ్రీకృష్ణుని దోసిట పడింది. కృష్ణుడు వానిని చంపుతానని ప్రతిజ్ఞ చేశాడు. ప్రాణభయంతో పరుగెత్తిన గయుడు అర్జునుని ఆశ్రయించాడు. తనను చంపదలచినవాడు ఎవరో చెప్పకముందే అర్జునుని నోట అభయం పలికించుకున్నాడు. ఆ తరువాత పేరు చెప్పాడు. బావమరదులు ఇద్దరూ యుద్ధానికి దిగారు.

ఇందులో ఎన్ని న్యాయ ప్రశ్నలున్నవో గమనించండి. గయుడు చేసినది బుద్ధిపూర్వకమైన నేరమా, పొరపాటా? బుద్ధిపూర్వకం కానప్పుడు మరణదండన తగునా? బాధితుడే ఫిర్యాదీగా, న్యాయాధిపతిగా, తలారిగా ఉండవచ్చునా? వాస్తవాలను దాచి పుచ్చుకున్న మాటకు కట్టుబడవలసిన అవసరం ఉన్నదా? కక్షిదారు తన ప్రతివాది ఎవరో చెప్పకుండా వకాల్తా మీద సంతకం చేయించుకున్నాడు. ప్రతివాది తన ప్రాణమిత్రుడని వకీలుకు తరువాత తెలిసింది. ఇప్పుడు వకాల్తా వదులుకోవచ్చునా? ఈనాటి న్యాయ కళాశాలలో వృత్తిధర్మం మీద అడగదగిన ప్రశ్న ఇది. ఈ నాటకంలో బాల్యంలో వేషం కట్టినవారిలో టంగుటూరి ప్రకాశం గారు ఒకరు. వారు తరువాత బారిస్టరు కావడానికి ఈ నాటకమే కారణమని మేము అనబోము గాని, ఆ తలపు మాకు ఇంపుగా ఉంటుంది.

ప్రేక్షకుల స్పందన మాటకు వస్తే, ఈ కథ నిలబడడానికి మూలం ఒక్కటే. కృష్ణుడు కృష్ణునిలాగే మాట్లాడాడు, అర్జునుడు అర్జునునిలాగే మొండికేశాడు. కథ కొత్తది, స్వభావాలు పాతవి. 1963లో కె.వి. రెడ్డి గారు ఈ కథనే 'శ్రీకృష్ణార్జున యుద్ధం'గా తెరకెక్కించి, ఎన్.టి. రామారావు, అక్కినేని నాగేశ్వరరావు గార్లను ఎదురెదురుగా నిలిపారు. అప్పుడు ప్రేక్షకుడు కృష్ణార్జునుల పక్షాలతో పాటు తన అభిమాన నటుని పక్షాన్ని కూడా తేల్చుకోవలసి వచ్చింది. మా పాలమూరు పల్లెలలో పద్య నాటకాన్ని ఎరిగిన వృద్ధులు నేటికీ రాయబారం పద్యాలను వాదోపవాదాలుగానే వింటారు. ఎవరి వాదన గట్టిదో పందెం వేసుకుంటారు. తిరుపతి వేంకట కవులు గద్వాల, వనపర్తి సంస్థానాలకు వచ్చి అవధానాలు చేసిన ప్రాంతమిది. గద్వాలను 'విద్వద్గద్వాల' అన్నారు. వాదం వినడంలో ఇక్కడి చెవులకు తరాల శిక్షణ ఉన్నది.

ఇక పాశ్చాత్య ఉదాహరణలు. పెర్రీ మేసన్ పేరు మన పాత గ్రంథాలయాలకు కొత్త కాదు. 1957 నుంచి 1966 వరకు అమెరికా టెలివిజన్‌లో రేమండ్ బర్ ఆ పాత్రను పోషించాడు. 1973లో అదే సంస్థ అదే పాత్రను మరొక నటునితో మళ్లీ ప్రవేశపెడితే 15 భాగాలతోనే ముగిసిపోయింది. 1985లో వయసు మళ్లి, గడ్డం పెంచి, ఒళ్లు చేసిన రేమండ్ బర్‌నే తిరిగి తెస్తే, 1993లో ఆయన మరణించే వరకు ఆ చలనచిత్రాలు వస్తూనే ఉన్నవి. ఇది శాఖా కథ కాకపోయినా మన విచారణకు పనికివచ్చే సాక్ష్యం. ప్రేక్షకుడు పేరుకు కాక, మనిషికి విధేయుడు.

'ది ప్రాక్టీస్' అనే ధారావాహిక చివరి సంవత్సరంలో అలన్ షోర్ అనే టక్కరి వకీలును ప్రవేశపెట్టి, ప్రేక్షకునికి అలవాటు చేసి, ఆ తరువాత 2004లో 'బోస్టన్ లీగల్' అనే శాఖను నాటారు. అది 2008 దాకా నడిచింది. ఆ పాత్రను ధరించిన జేమ్స్ స్పేడర్‌కు ఒకే పాత్రకుగాను రెండు వేర్వేరు ధారావాహికలలో ఎమ్మీ బహుమతి లభించింది. దీనికి పూర్తిగా విరుద్ధమైనది 'సూట్స్' చరిత్ర. 2011 నుంచి 2019 వరకు తొమ్మిది విడతలుగా నడిచిన ఈ కథ, ముగిసిన నాలుగేళ్లకు, 2023లో అంతర్జాల వేదికలపై మళ్లీ మొలకెత్తింది. అమెరికాలో ఆ ఒక్క సంవత్సరంలో ప్రజలు దానిని 5,770 కోట్ల నిమిషాలు చూశారని నీల్సన్ సంస్థ లెక్కగట్టింది. ఇంతటి ఆదరణ ఉన్న చెట్టు కొమ్మ ఎక్కడ నాటినా బతుకుతుందని నిర్మాతలు అనుకోవడంలో వింత లేదు. కాని 2019లో జెస్సికా పియర్సన్ పాత్రతో వచ్చిన 'పియర్సన్' 10 భాగాలకే ఆగింది. 2025 ఫిబ్రవరిలో వచ్చిన 'సూట్స్ ఎల్.ఎ.' 13 భాగాలతో అదే ఏడాది మే నెలలో ముగిసింది.

ఈ రెండింటి వైఫల్యాలు ఒకే విధమైనవి కావు. మొదటిదానిలో తెలిసిన మనిషి ఉన్నది గాని, ఆమెను న్యాయవాదుల కార్యాలయం నుంచి తీసి నగరపాలక రాజకీయాలలో పడవేశారు. మనిషి దక్కింది, ఆమె నేల దక్కలేదు. రెండవదానిలో వకీళ్ల కార్యాలయం ఉన్నది, మనుషులంతా కొత్తవారు. పాత కథానాయకుడు హార్వీ స్పెక్టర్ మధ్యలో అతిథిగా వచ్చి పోయాడు. ఇల్లు అమ్మినవాడు అప్పుడప్పుడు చుట్టపుచూపుగా వస్తే కొన్నవాని గౌరవం పెరుగుతుందా? తగ్గుతుందనే మా అభిప్రాయం.

ఇప్పుడు మన దేశానికి వద్దాము. మా విద్యార్థులు ఎక్కువగా చర్చించుకునేది 'క్రిమినల్ జస్టిస్' గురించి. దీని మూలం 2008లో బి.బి.సి.లో పీటర్ మొఫట్ రాసిన అయిదు భాగాల కథ. ఒక యువకుడు రాత్రి అనుకోకుండా ఒక యువతి ఇంటికి వెళ్లడం, తెల్లవారేసరికి ఆమె హత్యకు గురై ఉండడం, తాను చేశాడో లేదో తనకే తెలియని స్థితిలో అతడు పోలీసుల చేతికి చిక్కడం ఇందులోని ఇతివృత్తం. 2016లో దీనిని అమెరికాలో 'ది నైట్ ఆఫ్'గా తీశారు. అక్కడ ముద్దాయి నాసిర్ ఖాన్ అనే పాకిస్తానీ సంతతి విద్యార్థి. 2019 ఏప్రిల్‌లో హాట్‌స్టార్‌లో వచ్చిన హిందీ రూపంలో ముద్దాయి ఆదిత్య శర్మ. అతని తరఫున నిలబడిన యువ న్యాయవాది నిఖత్ హుస్సేన్. ఒకే కథ సముద్రాలు దాటుతూ ముస్లిం పాత్రను ఒకచోట బోనులోను, మరొకచోట నల్లకోటులోను నిలిపింది. దీని మీద వ్యాఖ్యానం అవసరం లేదు. పాఠకులు రెండింటినీ చూసి తామే ఆలోచించగలరు.

ఆ మొదటి విడతలో పంకజ్ త్రిపాఠి ధరించిన మాధవ్ మిశ్రా ఒక చిన్న వకీలు. పోలీసు ఠాణాల చుట్టూ తిరుగుతూ దొరికిన కేసు పట్టుకునే రకం. కథానాయకుడు ముద్దాయే గాని అతడు కాడు. కాని ప్రేక్షకులు తమ తీర్పు వేరే ఇచ్చారు. ముద్దాయి కథ పదో భాగంతో తీరిపోయింది. మాధవ్ మిశ్రా మాత్రం ప్రజల నోళ్లలో మిగిలాడు. 2020 డిసెంబరులో రెండవ విడత, 2022 ఆగస్టులో మూడవది, 2025 మేలో నాలుగవది వచ్చినవి. ప్రతిదానిలోను కేసు కొత్తది, ముద్దాయి కొత్త, నిలిచినది మాధవ్ మిశ్రా ఒక్కడే. నిర్మాతలు వీటిని 'విడత'లని పిలుచుకున్నా, లక్షణాన్ని బట్టి చూస్తే ఇవి మొదటి కథకు శాఖా కథలు. ఉపపాత్ర చెట్టు నుంచి విడివడి తానే చెట్టయింది. బి.బి.సి. వారు 2009లో రెండవ విడతను వేరే కథతో తీసి ఆపివేశారు. ఆ అదృష్టం అక్కడి వకీలుకు దక్కలేదు.

ఎందుకిలా జరిగింది? ఆ వకీలుకు నల్లకోటు ఉన్నది గాని దర్పం లేదు. ఆంగ్లం అంతంత మాత్రం. రెండవ విడతలో పెళ్లినాటి రాత్రే కేసు కోసం పిలుపు వస్తే, కొత్త పెళ్లికూతురిని వదిలి బయలుదేరతాడు. మా విద్యార్థులలో చాలామంది తమ ఇంటిలో మొదటిసారి కళాశాల మెట్లు ఎక్కినవారు. పెద్ద ఆంగ్లం, పెద్ద కారు లేని వకీలు గెలవడం వారికి కథ కంటె మించిన విషయం. 2021లో వచ్చిన 'వకీల్ సాబ్' చలనచిత్రం పట్ల వచ్చిన స్పందన దీనికి భిన్నమైనది. 2016 నాటి హిందీ 'పింక్'లో కేంద్రం ముగ్గురు యువతులు. తెలుగులోకి వచ్చేసరికి వకీలుకు పూర్వకథ, ప్రేమ, పోరాటాలు చేరి కేంద్రం ఆయన వైపు జరిగింది. మాధవ్ మిశ్రాను ప్రేక్షకులు నెమ్మదిగా కేంద్రానికి తెచ్చుకున్నారు. వకీల్ సాబును నటుని కీర్తి ముందే అక్కడ కూర్చోబెట్టింది.

నాలుగవ విడత తెలుగు అనువాద ధ్వనితో కూడా వచ్చింది. దానిపై వచ్చిన ఫిర్యాదులలో మాకు నవ్వు తెప్పించినది వారం వారం విడుదల చేయడంపై వచ్చినది. మొదట మూడు భాగాలిచ్చి, మిగిలినవి వారానికొకటి చొప్పున జూలై మొదటి వారం దాకా సాగదీశారని కుర్రకారు కోపం. వారపత్రికలో సీరియల్ నవల కోసం ఏడు రోజులు ఎదురుచూసి, అంగడి దగ్గరే నిలబడి చదివిన తరానికి ఈ కోపం అర్థం కాదు.

ఇక్కడ భాష గురించి ఒక మాట, ఇది ఉర్దూ, తెలుగు రెండూ చదివే కళాశాల సంచిక కనుక. నిజాం పాలనలో న్యాయస్థానాల భాష ఉర్దూ కావడం వల్ల మా ప్రాంతపు రైతు నేటికీ అదాలత్, దావా, వకీలు, జమానత్, పేషీ, ఫైసలా అనే అంటాడు. కాని మాటలు ఇల్లు మారేటప్పుడు అర్థాన్ని కూడా మార్చుకుంటవి. ఉర్దూలో ముద్దయీ అంటే దావా వేసినవాడు. తెలుగులో ముద్దాయి అంటే నేరారోపణకు గురైనవాడు. ఉర్దూలో రాజీనామా అంటే ఇరుపక్షాలు ఒప్పుకున్న ఒడంబడిక పత్రం. తెలుగులో అది ఉద్యోగం వదులుకునే పత్రం. ఒకే బెంచీ మీద కూర్చున్న ఉర్దూ విద్యార్థికీ తెలుగు విద్యార్థికీ ముద్దాయి అనగానే బోనుకు రెండు వేర్వేరు వైపుల మనుషులు కనిపిస్తారు! అనువాద సంభాషణలు రాసేవారు గ్రాంథికమైన 'అభియుక్తుడు', 'వాది' వంటి మాటల కంటె ఈ మాటలనే వాడితే మా పాలమూరు చెవికి కథ దగ్గరవుతుంది.

వినోదంగా చూసేదానిపై ఇంత విచారణ ఎందుకని కొందరు అడుగవచ్చు. మా విద్యార్థులలో అధిక సంఖ్యాకులు న్యాయస్థానం లోపలికి ఎన్నడూ పోనివారు. వారికి తెలిసిన న్యాయస్థానం తెర మీదిదే. అక్కడ సాక్షి చివరి క్షణంలో తలుపు తోసుకొని వస్తాడు. వకీలు గొంతెత్తగానే నిజం బయటపడుతుంది. కేసు ఎనిమిది భాగాలలో ముగుస్తుంది. నిజమైన న్యాయస్థానంలో మాటల కంటె కాగితాలు ఎక్కువ, తీర్పుల కంటె వాయిదాలు ఎక్కువ. 2016 అక్టోబరులో గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ జిల్లాలైనవి. 2022 జూన్ 2న కొత్త జిల్లాలకు జిల్లా న్యాయస్థానాలు ప్రారంభమైనవి. కనుక మునుపటివలె పెద్ద కేసుకు ప్రతిసారీ మహబూబ్‌నగర్ బస్సు ఎక్కవలసిన పని తగ్గింది. దారి దగ్గరైనా భయం దగ్గరే ఉన్నది. తరగతిలో ఒక విద్యార్థి, డబ్బు లేనివానికి మాధవ్ మిశ్రా దొరకకపోతే గతి ఏమని అడిగాడు. ఈ ప్రశ్నకు తెర జవాబు చెప్పదు. రాజ్యాంగం 39ఎ అధికరణం, 1987 నాటి న్యాయ సేవల ప్రాధికార సంస్థల చట్టం చెబుతవి. ఆ చట్టం ప్రకారం స్త్రీలు, పిల్లలు, షెడ్యూల్డు కులాలు, తెగలవారు, నిర్బంధంలో ఉన్నవారు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచితంగా న్యాయవాదిని పొందవచ్చు. 15100 అనే ఫోను నంబరుకు పిలిస్తే దారి చెబుతారు. ఈ చట్టం వెనుక నిలిచిన ప్రసిద్ధ కేసు 1979 నాటి హుస్సేనారా ఖాతూన్ కేసు. విచారణ లేకుండా బీహారు జైళ్లలో ఏళ్ల తరబడి మగ్గినవారి తరఫున అది సుప్రీంకోర్టుకు చేరింది. త్వరిత విచారణ, ఉచిత న్యాయ సహాయం రెండూ ప్రాథమిక హక్కులో అంతర్భాగాలని న్యాయస్థానం చెప్పింది. వేలాది ఖైదీలు విడుదలయ్యారు. ఏ శాఖా కథకూ తీసిపోని కథ ఇది. తెర మీదికి రావలసినంతగా రాలేదు.

రెండవ విడత గురించి మరికొంత చెప్పక తప్పదు. పేరుమోసిన న్యాయవాది అయిన భర్తను కత్తితో పొడిచిన అనూ చంద్ర కథ అది. ఆమె నేరాన్ని దాచదు, కారణాన్ని దాస్తుంది. పడకగది తలుపుల వెనుక ఏళ్లుగా జరిగిన హింస నెమ్మదిగా బయటపడుతుంది. అబ్బాయిలు ఈ విడతను నిదానంగా సాగిందన్నారు. అమ్మాయిలు అలా అనలేదు. అసలు చాలాసేపు ఏమీ అనలేదు. భార్యకు 18 ఏళ్లు నిండితే భర్త చేసే బలాత్కారాన్ని, 2024 జూలై 1న అమలులోకి వచ్చిన భారతీయ న్యాయ సంహిత కూడా అత్యాచార నేరంగా లెక్కించదని తెలిసినప్పుడు, అయితే ఆ కథలో వకీలు గెలిచినట్టా, చట్టం గెలిచినట్టా అని ఒకరు అడిగారు. ఇంతటి విమర్శనాత్మకమైన ప్రశ్న మాకు పత్రికల సమీక్షలలో ఎదురుకాలేదు.

ఆ విడతలో మాధవ్ మిశ్రాకు తోడుగా నిలిచినది నిఖత్ హుస్సేన్. మూడవ విడతలో ఆమె లేదు. నాలుగవదానిలోను ఆ పాత్ర తిరిగి రాలేదు. ఎందుకు లేదో కథ చెప్పదు. "సార్, నిఖత్ మళ్ల కనవడదేంది?" అన్నది మా విద్యార్థినుల ప్రధానమైన ఫిర్యాదు. వారి దృష్టిలో శాఖా కథ అర్హత మాధవ్ మిశ్రా కంటె ఆమెకే ఎక్కువ. ఆమె హాస్యానికి పెట్టిన పాత్ర కాదు, జాలికి పెట్టిన పాత్ర కాదు. పరదా గురించో, తలాక్ గురించో ఉపన్యసించడానికి పెట్టిన పాత్ర అసలే కాదు. పని నేర్చుకుంటూ, తన పై అధికారిణితో విభేదించి, తనకు తోచిన న్యాయం వైపు నిలిచిన జూనియర్ వకీలు. మన తెరలపై ముస్లిం యువతికి ఇటువంటి సాధారణమైన, గౌరవప్రదమైన వృత్తి జీవితం ఎంత అరుదుగా దొరుకుతుందో వారికి ఎవరూ చెప్పనక్కర లేదు. తెర బయట దొరకదని కాదు. కేరళకు చెందిన ఫాతిమా బీవీ గారు 1989లోనే సుప్రీంకోర్టు తొలి మహిళా న్యాయమూర్తి అయ్యారు. తరువాత తమిళనాడు గవర్నరుగా పనిచేసి 2023లో మరణించారు.

ఇట్టి అభ్యర్థనను నిర్మాతలు లెక్కజేస్తారా అనేది వేరే విషయం. అభ్యాస పాఠంగా మేము విద్యార్థినులకు నిఖత్ శాఖా కథకు మొదటి దృశ్యం రాయమని చెప్పాము. గయోపాఖ్యానం నేర్పిన నియమం ఒక్కటే పెట్టాము: కథ ఏదైనా రాయండి, స్వభావం మార్చవద్దు. ఒకరు ఆమెను జైలు ములాఖాత్ గదిలో కూర్చోబెట్టారు. ఒకరు జిల్లా న్యాయస్థానం వసారాలో, సొంత బల్ల కూడా లేకుండా, చెట్టు నీడన కక్షిదారు కోసం ఎదురుచూస్తూ నిలబెట్టారు. మరొకరి దృశ్యం ఇంట్లోనే మొదలవుతుంది: తల్లి రొట్టెలు కాలుస్తూ, ఆ ఖూనీ కేసు నువ్వే ఎందుకు పట్టుకోవాలని అడుగుతుంది, నిఖత్ జవాబు చెప్పకుండా నల్లకోటుకు ఇస్త్రీ చేసుకుంటూ ఉంటుంది. మూడింటిలో ఏది ముందుండాలన్న దానిపై రెండు పీరియడ్లు వాదన జరిగింది. గంట కొట్టిన తరువాత కూడా వాది ప్రతివాదులు ఇద్దరూ బల్లల మీదనుంచి లేవలేదు.